గాలిబండ మీది నుంచి

హార్సిలీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాలంటే పుస్తకం అక్కర్లేదు, ఒక చిప్స్ పొట్లం చాలు. కింద అంగట్లో కొన్నప్పుడు మెత్తగా నలిగిన ఆ పొట్లం, మలుపులు తిరుగుతూ పైకి పోయేకొద్దీ ఉబ్బుతుంది. కొండ మీద బస్సు ఆగేసరికి బూరెలా బిగుసుకుపోయి ఉంటుంది. లోపల గాలి పెరగలేదు, బయట గాలి తగ్గింది. సముద్రమట్టం దగ్గర ఉండే గాలి ఒత్తిడిలో దాదాపు ఏడో వంతు 1,265 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీద ఉండదు. చెవులు గుప్పుమని మూసుకుని తెరుచుకునేది అందుకే. కొండ మీది కాటేజీలో ఎసరు 100 డిగ్రీలకు ముందే, 96 దగ్గరే మరిగిపోతుంది. మూత పెట్టని గిన్నెలో పప్పు ఉడకడానికి కాస్త ఎక్కువసేపు పట్టిందంటే తప్పు పప్పుది కాదు.

చల్లదనానికీ మూలం ఇదే. సూర్యుడికి దగ్గరగా వెళ్తున్నాం కదా, పైన వేడి పెరగాలి గానీ తగ్గుతుందేమిటని చిన్నప్పుడు మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఒక కిలోమీటరు ముందుకు జరిగితే ఆయనకు లెక్కే లేదు. ఎండ నేరుగా గాలిని కాచేది తక్కువ. నేలను కాస్తుంది, కాగిన నేల తన మీది గాలిని కాస్తుంది. ఆ గాలి పైకి లేచి, ఒత్తిడి తగ్గిన చోట వ్యాకోచించి చల్లబడుతుంది. సైకిలు ట్యూబులో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం, వాల్వు నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగలడం అందరికీ తెలిసినవే. కొండగాలి అట్లా వదిలిన గాలి. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల లెక్కన వేడి తగ్గుతుంది. మదనపల్లె చుట్టుపక్కల నేల సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడి నుంచి కొండెక్కితే మూడున్నర డిగ్రీలు. కడప నుంచి ఎక్కితే ఏడు.

ఆ ఏడు డిగ్రీల కోసమే ఈ కొండకు ఇంగ్లీషు పేరు వచ్చింది. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో కడప జిల్లా కలెక్టరుగా ఉన్న హార్స్లీ ఎండాకాలం ఉండడానికి ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. కడప కలెక్టరు బి.కొత్తకోట దగ్గరి కొండ మీద ఎందుకున్నాడని ఇప్పటి మ్యాపు చూసినవాళ్లు తికమకపడతారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోదే. మళ్లీ 2022లో చిత్తూరు నుంచి విడిపోయి అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. కొండ కదల్లేదు, కాగితాలే కదిలాయి.

అంతకు ముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పసిపిల్ల మల్లమ్మ, పెద్దదై కొండవాసుల జబ్బులు నయం చేసేదనీ, ఒకనాడు కనబడకుండా పోతే గుడి కట్టి కొలిచారనీ చెబుతారు. కథను కథగానే తీసుకున్నా, పేరులోని ఏనుగు నాకు ముఖ్యం. చాలాకాలం ఈ ప్రాంతంలో అడవి ఏనుగన్నదే లేదు. 1980లలో కుప్పం, పలమనేరు అడవుల్లోకి హోసూరు వైపు నుంచి మందలు వచ్చాయి. కౌండిన్య అభయారణ్యం పుట్టింది వాటి కోసమే. కొత్తగా వచ్చాయని రైతులు అనుకున్నారు గానీ, కొండ పేరును బట్టి చూస్తే అవి తిరిగి వచ్చాయేమో.

ఇక అసలు విషయానికి వస్తాను. హార్సిలీ హిల్స్‌ను ‘ఆంధ్రా ఊటీ’ అంటారు. హుషారు ఎక్కువైన వాళ్లు స్విట్జర్లాండుతో పోలుస్తారు. తెలుగు సినిమా హీరో హీరోయిన్లను అంతదూరం తీసుకెళ్లి పచ్చికబయళ్ల మీద పరుగెత్తించినప్పటి నుంచి, కాస్త మబ్బు పట్టిన ప్రతి కొండా మనకు స్విట్జర్లాండే. ఈ పోలిక నాకు నచ్చదు. పోలిక లేక కాదు, ఉన్న పోలికను వదిలేసి లేనిదాన్ని పట్టుకున్నందుకు. ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక చిన్న పల్లెకూ బి.కొత్తకోట చుట్టుపక్కల పల్లెకూ దగ్గరి చుట్టరికం ఉంది. అది మంచులోనూ లేదు, పచ్చికలోనూ లేదు. దాని దగ్గరికి కొంచెం చుట్టు తిరిగి వెళ్లాలి.

ముందు తేడాలు. ఆల్ప్స్ భూగోళం లెక్కలో పసిపిల్లలు. ఆఫ్రికా వైపు ఫలకం యూరపును గుద్దుకుంటే కొన్ని కోట్ల ఏళ్ల కిందట పైకి లేచాయి, ఇప్పటికీ ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటుగా లేస్తూనే ఉన్నాయి. అందుకే ఆ మొనలు, ఆ కొమ్ములు. మన గుట్టల రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి మీద చెట్టూ జంతువూ ఏదీ పుట్టనినాటి గ్రానైటు ఇది. ఇవి పైకి లేచిన కొండలు కావు, చుట్టూ ఉన్నది అరిగిపోగా మిగిలినవి. నేల కింద ఉన్నప్పుడే రాతి పగుళ్లలోకి నీరు దిగి అంచులను, మూలలను తినేసింది. తర్వాత మట్టి కొట్టుకుపోయి ఆ గుండ్రటి బండలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనబడే ఆ గుండ్లను ఏ భీముడూ పేర్చలేదు. ఉన్నచోటనే ఉండి గుండ్రమయ్యాయి. ఎండకు కాగి, రాత్రి చల్లారి, ఉల్లిపాయలా పొరలు విప్పుకునే బండలు ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తాయి.

రెండో తేడా అక్షాంశం. 1,265 మీటర్ల ఎత్తున్న ఊరు ఆల్ప్స్‌లో ఉంటే చలికాలం నెలల తరబడి మంచు కింద ఉంటుంది. మనం 13, 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం, వాళ్లు 46 దగ్గర. అక్కడ 2,000 మీటర్లు దాటితే వేసవిలో కూడా సగటు వేడి పది డిగ్రీలకు అందదు కాబట్టి చెట్టు పెరగడం మానేస్తుంది. ఆ పైన గడ్డే. ‘ఆల్ప్’ అంటే అక్కడివాళ్ల నోట ఆ ఎత్తైన మేతబీడు, శిఖరం కాదు. మన కొండకు ఆ గీత లేదు. నెత్తిమీద కూడా చెట్లే. ‘కల్యాణి’ అని పేరు పెట్టిన నూటయాభై ఏళ్లు దాటిన యూకలిప్టస్ మాను కొండ మీదే ఉంది. ఇక్కడ చెట్టును ఆపేది చలి కాదు, నీరు, పలచటి మట్టి, వేసవి మంట.

ఎండ విషయంలో తేడా ఇంకా తమాషాగా ఉంటుంది. ఇటలీ ఆల్ప్స్‌లో విగనెల్లా అనే చిన్న పల్లె లోతైన లోయ అడుగున ఉంది. ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు కొండ చాటునే దాటిపోతాడు. 2006లో ఆ ఊరివాళ్లు ఎదుటి కొండ మీద పెద్ద అద్దం నిలబెట్టి, ఎండను ఊరి కూడలిలోకి మళ్లించుకున్నారు. మన ఊళ్లలో రచ్చబండ ఎక్కడ కట్టారు? చింతచెట్టు కిందో, వేప కిందో, రావి కిందో. ఒకరు ఎండను కొనుక్కున్నారు, ఒకరు నీడను నాటుకున్నారు.

ఒంటరి కొండకు ఇంకొక గుణం ఉంది. చుట్టూ వేడి మైదానం ఉండగా మధ్యలో చల్లటి మిట్ట అంటే, జీవులకు అది సముద్రంలో ద్వీపంతో సమానం. పసుపుగొంతు పికిలిపిట్ట దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండదు. పక్షులను చూసేవాళ్లు దాని కోసం హార్సిలీ హిల్స్‌కు వస్తారు. ఊరి చుట్టూ తిరిగే ఎర్రపూత పికిలిని చూసి అదే అనుకుని ఫొటోలు తీసుకుపోయిన వాళ్లనూ చూశాను. కొండ పక్కనే ఉన్న ఋషివ్యాలీ, జిడ్డు కృష్ణమూర్తి 1920లలో బడి కోసం ఎంచుకున్న లోయ. అక్కడి గ్రానైటు గుండ్ల సందుల్లో ఉండే చిన్న బల్లి కొత్త జాతి అని ఈమధ్యే శాస్త్రజ్ఞులు తేల్చారు. దాని శాస్త్రీయ నామంలో ‘ఋషివ్యాలీ’ ఉంది. ఒక గుట్ట మీది బల్లి మధ్యలో మైదానం దాటి ఇంకో గుట్టకు పోలేదు. వేల తరాలు అట్లా విడివిడిగా బతికితే వేర్వేరు జాతులవుతాయి. రాళ్ల క్వారీకి ఒక గుట్ట పోతే పోయేది రాయొక్కటే కాదనడానికి ఈ బల్లి చాలు.

ఇప్పుడు ఆల్ప్స్‌కూ మదనపల్లెకూ చరిత్రలో నిజంగా ముడిపడిన చోటుకు వద్దాం. 1860లలో స్విట్జర్లాండులోని దావోస్ అనే మారుమూల కొండపల్లెలో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే డాక్టరు ఒక సంగతి గమనించాడు. ఆ ఎత్తులో క్షయ పెద్దగా కనబడదు. చల్లటి, పొడి గాలి, విశ్రాంతి, పుష్టిగా తిండి ఇస్తే రోగులు కోలుకుంటారని నమ్మాడు. పాడిపశువుల పల్లె కొన్ని దశాబ్దాల్లో ఆసుపత్రుల పట్నమైంది. ఆరుబయట వసారాల్లో కంబళ్లు కప్పుకుని నెలలూ ఏళ్లూ పడుకున్న ఆ రోగుల గురించే జర్మన్ నవలాకారుడు థామస్ మాన్ 1924లో ‘మాయా పర్వతం’ రాశాడు. ఇప్పుడు అదే దావోస్‌లో కోటీశ్వరులు ఏటా సమావేశమవుతారు, మన ముఖ్యమంత్రులు పెట్టుబడుల కోసం వెళ్తారు. గాలి ఎటు తిరిగిందో చూడండి.

ఆ ఆలోచనే సముద్రం దాటి మదనపల్లెకు వచ్చింది. దక్షిణ భారతంలోని క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ ఆసుపత్రికి చోటు వెతికాయి. ఎత్తు ఉండాలి, పొడిగా ఉండాలి, మరీ చలి ఉండకూడదు. మదనపల్లె పక్కన 1915లో వెలిసిన ఆ శానటోరియానికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని దశాబ్దాలపాటు నడిపాడు. మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి, ఎక్కడెక్కడి నుంచో దగ్గుతో వచ్చినవాళ్లు ఆ వరండాల్లో మంచాలేసుకుని పడుకున్నారు. ఆ రోజుల్లో మా ప్రాంతంలో ‘మదనపల్లెకు పోయినాడు’ అంటే అర్థం ఒకటే. రెండో ప్రశ్న ఎవరూ వేసేవాళ్లు కాదు. వాతావరణ శాఖ లెక్కల్లో ఈ ప్రాంతపు వేడి, వాన ఆరోగ్యవరం పేరుతోనే నమోదవుతాయి. భారతదేశంలో బీసీజీ టీకాను మొదట వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఉంది, సంవత్సరం 1948.

ఇంతకీ కొండగాలి క్షయను నయం చేసిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది కూడా దక్షిణ భారతమే. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ లాంటి మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. రోగుల్లో కొందరిని శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సుల మధ్య ఉంచారు. మిగిలినవారు ఇరుకు ఇళ్లలో, తమ ఇంటి తిండితోనే ఉంటూ అవే మందులు వాడారు. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నాయి. ఇంట్లోవాళ్లకు రోగం అంటుకోవడం కూడా ప్రత్యేకంగా పెరగలేదు. పనిచేసింది మాత్రే; గాలి, ఎత్తు, వరండా కాదు. ప్రపంచమంతటా శానటోరియాలు ఖాళీ కావడం ఆ తర్వాతి కథ. వందేళ్ల నమ్మకాన్ని ఒక పేదనగరపు వాడల్లో చేసిన పరీక్ష మార్చేసింది. వైద్య చరిత్రలో దీనికి రావాల్సినంత పేరు రాలేదని నా అభిప్రాయం. ఆ శానటోరియాల్లో మనుషులు అసలు కోలుకోలేదని కాదు. తిండి, విశ్రాంతి కొందరి ఒంటికి పోరాడే బలం ఇచ్చాయి. కానీ ఆ రెండూ కొండ సొత్తు కావు.

ఎత్తు మనిషి ఊపిరితిత్తికి పెద్దగా చేసిందేమీ లేదు గానీ, టమోటా పూతకు చేసింది.

మదనపల్లె టమోటా మండీ ఆసియాలో పెద్దవాటిలో ఒకటని పేరు. వేసవిలో తెల్లవారకముందే బి.కొత్తకోట, తంబళ్లపల్లె, పుంగనూరు వైపుల నుంచి క్రేట్లు నింపుకున్న వాహనాలు బారులు తీరతాయి. 2023 జూలైలో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు విన్నది. వంకలో పారబోసిన రోజులు అంతకంటే ఎక్కువే ఉన్నాయి, అవి వార్తల్లో లోపలి పేజీకి పోతాయి. అసలు ఇక్కడే ఎందుకు? టమోటా దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చుట్టం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే దాని పుప్పొడి చచ్చుబడుతుంది, పూత రాలిపోతుంది. కోస్తాలో మే నెల రాత్రి ఉక్కలో మొక్క పచ్చగానే ఉంటుంది, కాయ నిలవదు. మదనపల్లె మిట్ట మీద పగటి ఎండ తక్కువేం కాదు. కానీ తెల్లవారుజామున దిగే ఆ నాలుగైదు డిగ్రీలు చాలు. మైదానంలో సరుకు లేని నెలల్లో ఇక్కడ కోత ఉంటుంది. ఘాట్ రోడ్డులో చిప్స్ పొట్లాన్ని ఉబ్బించిన సూత్రమే మండీలో వేలం పాట కూడా పాడిస్తోంది.

ఈ ఎత్తుకు వెల నీళ్లలో కట్టాలి. ఇక్కడే ఆల్ప్స్‌తో మన అసలు చుట్టరికం మొదలవుతుంది.

స్విట్జర్లాండంటే ఎక్కడ చూసినా నీళ్లే అనుకుంటాం. ఆ దేశానికి దక్షిణాన ఉన్న వాలే ప్రాంతం అట్లా ఉండదు. రెండు వైపులా ఎత్తైన కొండలు మబ్బులను ముందే పిండేసుకుంటే లోయ వానచాటున పడిపోయింది. అక్కడి విస్ప్ లోయలో స్టాల్డెన్ అనే ఊరికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మదనపల్లెకు వచ్చే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా. అంటే వాళ్లకంటే మనకే ఎక్కువ. మనల్నీ పడమటి కనుమలు నైరుతి మబ్బుల నుంచి చాటు చేశాయి. ఈశాన్య రుతుపవనం వచ్చేసరికి దాని బలం సగం కోస్తాలోనే ఖర్చయిపోతుంది. రెండు రుతుపవనాలకూ చివరి బంతిలో కూర్చున్న నేల ఇది. వాన లెక్క దగ్గరగా ఉన్నా ఫలితం వేరు కావడానికి కారణాలు రెండు. మన ఎండ కురిసినదాన్ని ఆవిరి చేసి పట్టుకుపోతుంది. వాళ్లకు నెత్తిమీద మంచు, హిమానీనదాల రూపంలో ఒక చెరువు ఉంది. చలికాలం నిండుతుంది, ఎండ ముదిరేకొద్దీ తనే తూము తెరుస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఆ చెరువుకూ ఈమధ్య గండి పడుతోంది. 2025 మే 28న అదే వాలే ప్రాంతంలో బ్లాటెన్ అనే పల్లె మీద హిమానీనదం విరిగిపడి, ఊరిని దాదాపు మొత్తం పూడ్చేసింది. కొండ కదులుతోందని ముందే కనిపెట్టి సుమారు 300 మందిని, పశువులను ఖాళీ చేయించారు కాబట్టి ఊరు పోయినా జనం దాదాపు అందరూ మిగిలారు.

స్టాల్డెన్‌కు పైన, 1,500 మీటర్ల ఎత్తులో టోర్బెల్ అనే పల్లె ఉంది. కొన్ని వందల మంది జనం. రై, బంగాళదుంప, గడ్డి, ఆవులు. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు రాబర్ట్ నెట్టింగ్ ఆ ఊళ్లో ఉండి, మధ్యయుగాల నాటి కాగితాలు తిరగేశాడు. 1483లోనే ఊరివాళ్లు మేతబీడును, అడవిని ఎట్లా వాడుకోవాలో రాతపూర్వకంగా కట్టు పెట్టుకున్నారు. 1517 నాటి నియమం ఇంకా గట్టిది. చలికాలం తన కొట్టంలో ఎన్ని ఆవులను మేపగలడో అన్నింటినే వేసవిలో ఊరుమ్మడి బీడుకు తోలాలి. గడ్డివామి ఎంతో మంద అంత. ఎవరూ బయటి ఊళ్లో పశువులు కొనుక్కొచ్చి మూడు నెలలు ఉచితంగా మేపుకుని అమ్ముకోవడానికి లేదు. చూడ్డానికి చిన్న నియమం, కానీ కొలవడానికి తేలిక. పక్కింటివాడి కొట్టంలో ఎన్ని తలలున్నాయో చలికాలంలో ఊరందరికీ తెలుసు. మంచు కరిగిన నీటిని కొండ అంచున తవ్విన కాలవల్లో తెచ్చుకుని, గంటల లెక్కన వంతులు వేసుకున్నారు. ఉమ్మడి ఆస్తిని జనం నాశనం చేసుకోక తప్పదన్న సిద్ధాంతాన్ని కాదనడానికి ఎలినార్ ఆస్ట్రమ్ తన 1990 నాటి పుస్తకంలో మొదట చూపిన ఊళ్లలో ఇదొకటి. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే వాదనకు మరో గట్టి సాక్ష్యాన్ని పరిశోధకుడు రాబర్ట్ వేడ్ 1988లో పుస్తకంగా అందించాడు. ఆయన చూసినవి కర్నూలు వైపు కాలవల కింది పల్లెలు. ఆల్ప్స్ ఊరూ రాయలసీమ ఊరూ ప్రపంచానికి ఒకే పాఠానికి ఉదాహరణలయ్యాయి. ఆ సంగతి ఇక్కడి బడిపిల్లలకు ఎవరూ చెప్పరు.

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె అని ఒక పేట ఉంది. ఇప్పుడక్కడ పట్టు మగ్గాల చప్పుడు వినబడుతుంది. పేరులో మాత్రం నీరుగట్టు ఉన్నాడు. చెరువు తూము తీసి మూసేవాడు, ఏ మడికి ఎంతసేపు నీరో చూసేవాడు నీరుగట్టు; కొన్ని ఊళ్లలో నీరుగంటి. ఆయనకు జీతం కోతలప్పుడు కళ్లంలో కొలిచిన గింజలు. రైతు పొలంలో దిగి మడవ తిప్పుకోకూడదు, నీరుగంటే తిప్పాలి. కరువు ఏడాది చెరువు సగమే నిండితే ఆయకట్టులో ఏ భాగం తడపాలో ఊరు కూర్చుని తేల్చేది. మంచు చెరువు లేని నేలలో మనుషులు కట్టుకున్న మంచు ఈ చెరువే. రెండు గుట్టల మధ్య వంకకు అడ్డంగా కట్ట, కట్టలో తూము, పక్కన మరవ. పైచెరువు మరవ పారితే కిందిచెరువు నిండుతుంది. అట్లా గొలుసుకట్టుగా దిగుతూ ఆ నీరు చివరికి బాహుదాలో పడి, చెయ్యేటి మీదుగా పెన్నకు చేరుతుంది.

మేత విషయంలోనూ నేల తన కట్టు పెట్టింది. టోర్బెల్‌లో నియమం చేసిన పనిని పుంగనూరు ఆవు తన ఒంటితోనే చేసింది. సుమారు మూడడుగుల ఎత్తు. చిన్న ఒళ్లు కాబట్టి తిండి తక్కువ చాలు. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా వదులుతుంది. కరువు సీమలో చెనక్కాయ కట్టె, గుట్ట గడ్డి తిని వెన్న ఎక్కువున్న పాలిచ్చింది. ఆల్ప్స్ పల్లె వేసవి పాలను చీజుగా మార్చి చల్లటి గదుల్లో చలికాలానికి దాచుకుంది. చల్లటి గది లేని మనం వెన్న కాచి నెయ్యి చేసుకున్నాం. దాచుకోవాల్సిన అవసరం ఒకటే. ఈ ఆవు ఇప్పుడు నగరాల్లో విల్లాల ముందు ముద్దుకు పెంచే వస్తువైంది. పలమనేరు పశుపరిశోధనా కేంద్రం దశాబ్దాలుగా దాని వంశాన్ని కాపాడుతున్నది ఇందుకోసమైతే కాదు.

ఇంత కట్టుబాటు ఎక్కడ తెగింది? నేల కింద. చెరువు నీరు కంటికి కనబడేది, నీరుగంటికి అందేది. 1980ల తర్వాత బోర్లు వచ్చాయి. గ్రానైటులో నీరు ఇసుకలో ఉన్నట్టు ఉండదు. పైన చివికిన రాతి పొర కొన్ని పదుల మీటర్లు. దాంట్లో కొంత నిలుస్తుంది. కిందికి పోతే గట్టిరాయి, ఎక్కడో ఒక పగులు. ఆ పగులు దొరికితే నీరు, లేకపోతే తెల్లటి పొడి. బి.కొత్తకోట చుట్టుపక్కల వెయ్యి అడుగుల బోరు మాట ఎవరినీ ఆశ్చర్యపరచదు. పక్కవాడు ఇంకో వంద అడుగుల లోతుకు పోతే మన మోటారు గాలి తోడుతుంది. నేల కింద ఎవడి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయో కనబడదు. వాల్టా చట్టం 2002లో వచ్చింది, బోరుకు అనుమతి కావాలంది. ఊళ్లో ఎవరినైనా అడగండి, ఆ అనుమతి ఎంతమంది తీసుకున్నారో.

ఇప్పుడు కృష్ణ నీరు కొండెక్కి వస్తోంది. హంద్రీ-నీవా పథకంలో శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిన నీరు మదనపల్లె, పుంగనూరు వైపు కాలవల మీదుగా 2025 ఆగస్టులో కుప్పం దాకా చేరింది. ఆ జలాశయం నిండుగా ఉన్నా నీటిమట్టం 270 మీటర్లు. ఇక్కడి మిట్ట 700. ఒక ఘనపు మీటరు నీటిని, అంటే వెయ్యి లీటర్లను, ఆ 430 మీటర్లు ఎత్తడానికి ఏ నష్టమూ లేదనుకున్నా దాదాపు 1.2 యూనిట్ల కరెంటు కావాలి. మోటార్లు, కాలవల్లో ఇంకిపోయేది, ఆవిరయ్యేది కలుపుకుంటే ఇంకా ఎక్కువ. ఆల్ప్స్‌లో నీరు దిగేటప్పుడు కరెంటు ఇస్తుంది, ఇక్కడ ఎక్కడానికి కరెంటు తాగుతుంది. ఆ నీటిని వద్దనను. దాహం వేసినవాడికి లెక్కలు చెప్పడం అన్యాయం. కానీ అంత ఖరీదైన నీరు వంతు లేని బోర్ల మధ్య, పూడిక నిండిన చెరువుల్లోకి పోతే ఏమవుతుందో లెక్క వేయడం కష్టమేం కాదు.

నేల కింది నీటికీ వంతు పెట్టుకోవచ్చని ఈ సీమలోనే ఒకసారి రుజువైంది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే కార్యక్రమం నడిచింది. చదువు అంతంత మాత్రం ఉన్న రైతులు, ఆడవాళ్లూ మగవాళ్లూ, వానకొలత డబ్బాలు చూశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఊరి గోడ మీద అంకెలు రాశారు. రబీకి ముందు కూర్చుని, నేలలో ఇంత నీరుంది, వరి వేస్తే ఇంత పోతుంది, చెనక్కాయ వేస్తే ఇంత మిగులుతుంది అని లెక్క తేల్చుకున్నారు. ఎవరినీ ఎవరూ బలవంతం చేయలేదు. తెలిసిన అంకె ఎదుట పెడితే చాలామంది పంట మార్చుకున్నారు. టోర్బెల్ గడ్డివామిలా, కనబడని దాన్ని కనబడేటట్టు చేయడమే అందులోని కిటుకు. కార్యక్రమం గడువు అయిపోయింది, కొన్ని ఊళ్లలో గోడల మీది అంకెలు వెలిసిపోయాయి.

హార్సిలీ హిల్స్‌కు వెళ్తే గాలిబండ దగ్గరికి తప్పకుండా వెళ్లండి. ఒంటరి కొండ అంచు కాబట్టి మైదానం మీద సాఫీగా వచ్చిన గాలి అక్కడ ఇరుకై, వేగం పెరిగి తోస్తుంది, కండువా జాగ్రత్త. సూర్యాస్తమయం ఫొటో అందరూ తీస్తారు, మీరూ తీసుకోండి. తర్వాత కిందికి చూసి చెరువులు లెక్కపెట్టండి. కట్ట గీతలా, వంపుగా కనబడుతుంది. ఎన్ని కట్టలున్నాయో, ఎన్నింట్లో నీళ్లున్నాయో విడివిడిగా రాసుకోండి. వీలైతే మే నెలలో వెళ్లండి.